అయిదింటి కాపలా

ఆ రక్తపరీక్షల ల్యాబులో అందరూ ఆమెను పెద్దక్క అనే పిలిచేవారు. మేనేజరు కూడా అంతే, కాకపోతే మర్యాదకు చివర ‘గారు’ తగిలించేవాడు. యాభై దాటిన మనిషి. సన్నగా, నిటారుగా ఉండేది. నవ్వొస్తే పెదాలు బిగించి ఆపేసుకునేది, నవ్వితే పని చెడుతుందన్నట్టు.

ఆమె పని డేటాబేస్ చూసుకోవడం. ఎవరి రక్తంలో చక్కెర ఎంతుందో, ఎవరికి థైరాయిడ్ పెరిగిందో, ఎవరి రిపోర్టు ఏ డాక్టరుకు వెళ్లాలో అంతా ఆ యంత్రాల్లోనే ఉంటుంది. వాటికి రెండో అంతస్తులో, మెట్ల పక్కన, కిటికీ లేని గది ఒకటి ఇచ్చారు. యంత్రాలు వేడెక్కకూడదని ఎండాకాలంలో కూడా అక్కడ వణుకు పుట్టేంత చలి. పెద్దక్క శాలువా కప్పుకుని కూర్చునేది. ఆ గదిలోకి ఎవరైనా వచ్చారంటే ఏదో పాడైందన్నమాట. ఏదీ పాడవని రోజున ఆమెతో ఎవరికీ మాట్లాడే అవసరం ఉండేది కాదు. అంటే పని ఎంత బాగా చేస్తే ఆమెకు అంత ఒంటరితనం.

ఇంటి దగ్గర ఆమెకు ఉన్నది చెల్లెలొక్కతే. అమ్మానాన్నలు పోయాక అక్కాచెల్లెళ్లు పెళ్లి ఊసెత్తకుండా ఒకే ఇంట్లో ఏళ్లకేళ్లు గడిపేశారు. చెల్లెలు వట్టి వాగుడుకాయ. పళ్లు తోముకుంటూ కూడా మాట్లాడేది. “నువ్వు కాసేపు నోరు మూస్తే నా బుర్ర పనిచేస్తుందే” అని పెద్దక్క విసుక్కునేది. అలాంటి చెల్లెలికి నలభై దాటాక పెళ్లి కుదిరింది. పెళ్లికొడుకు భార్య పోయిన మందుల షాపాయన. చెల్లెలు దగ్గు మందుకని వెళ్లింది, దగ్గు తగ్గినా షాపుకెళ్లడం మానలేదు. సంగతి కనిపెట్టి మాట కలిపింది పెద్దక్కే.

“ఈ వయసులో నన్ను గెంటేస్తావా అక్కా, నీకు సిగ్గుండాలి” అని చెల్లెలు ఏడుస్తూ నవ్వింది.

“గెంటేది అందుకేనే. నీ గోల ఇకనుంచీ అతను పడతాడు.”

పెళ్లయింది. మరిది ఇంకో ఊళ్లో ఇంకా పెద్ద షాపు పెట్టుకుంటే చెల్లెలూ వెళ్లిపోయింది. మొదటి వారం పెద్దక్కకు ప్రాణం హాయిగా ఉంది. రెండో వారం ఇంట్లో ఫ్రిజ్ మోత వినపడటం మొదలైంది. అన్నేళ్లుగా ఆ ఫ్రిజ్ అలా మూలుగుతూనే ఉందని ఆమెకు అప్పుడే తెలిసింది.

చెల్లెలు ఫోన్ చేసి “ఎలా ఉన్నావక్కా?” అంటే, “నాకేం, ఊపిరాడనంత పని” అనేది.

ఒకసారి పెద్ద వానలకు రోడ్లు మూసుకుపోయినప్పుడు, ఇంటి నుంచే యంత్రాలను చూసుకోమని ల్యాబువాళ్లు ఆమెకు ఇంటర్నెట్ గుండా ఒక దారి ఇచ్చారు. వానలు వెళ్లిపోయినా ఆ దారి అలాగే ఉండిపోయింది. చెల్లెలి గదిలో ల్యాప్‌టాప్ పెట్టుకుని పెద్దక్క తన కోసం ఒక చిన్న ప్రోగ్రాం, ఒక తెర రాసుకుంది. అందులో ఉండేది ఒక్క చుక్క. కౌంటర్ల కోసం ఉంచిన కాపీలోకి ముందురోజు ఫలితాలు చేరాయా అని అది కొన్ని క్షణాలకోసారి అడుగుతూ ఉంటుంది. చేరితే పచ్చగా, చేరకపోతే పసుపుగా వెలుగుతుంది. అది ఉందని ఎవరికీ చెప్పలేదు. చెప్పాల్సినంత గొప్ప సంగతా అది? పొద్దున్నే లేచి టీ కప్పు పట్టుకుని దాని ఎదురుగా కూర్చునేది. పసుపో పచ్చో, అవతల ఏదో ఒకటి ఉందని, అడిగితే పలుకుతోందని తెలిసేది. తయారై బయల్దేరేటప్పుడు మూత వేసేది, రాత్రి పడుకునే ముందు మళ్లీ మూత వేసేది.

ఆ కాపీ సంగతి కొంచెం చెప్పాలి. అసలు డేటాబేస్ మీద పరీక్షల యంత్రాలు పనిచేస్తాయి. కింద కౌంటర్ల వాళ్లంతా దానిమీదే పడితే అది మొరాయిస్తుంది. అందుకని రోజూ రాత్రి అసలుదానికి బ్యాకప్ అనే నకలు తీసి, దాన్ని ఇంకో యంత్రం మీద రీస్టోర్ చేస్తారు, అంటే అక్కడి పాతది తుడిచి కొత్తది నింపుతారు. కౌంటర్లు చూసేది ఈ రెండోదాన్నే. మనిషి తాకనక్కర్లేదు, గడియారం చూసుకుని పని దానంతట అదే జరిగిపోయే ఏర్పాటు ఉంది, దాన్నే జాబ్ అంటారు. ఒకటే షరతు. రీస్టోర్ జరిగేటప్పుడు ఆ కాపీలోపల ఒక్కరు కూడా ఉండకూడదు. ఇల్లు కడిగేటప్పుడు అందరూ బయటికి నడవాలి, అలాగన్నమాట.

ఆ మధ్య కొత్త పరీక్షలు చేర్చడంతో రాత్రి బ్యాకప్ ఆలస్యమవుతూ వచ్చింది. అర్ధరాత్రి జరిగే రీస్టోర్‌ను తెల్లవారుజాము అయిదింటికి మార్చారు. ఆ జాబ్‌ను కొత్తగా రాసింది కొత్తమ్మాయి. చేరి ఎన్నాళ్లో కాలేదు, ఇంకా పర్మినెంట్ కాలేదు. చురుకైన పిల్ల. భయమెక్కువ, భయాన్ని మాటలతో కప్పేసేది. ఆ చలిగదిలోకి ఏదీ పాడవకపోయినా వచ్చి కూర్చునేది ఆమె ఒక్కతే. “అక్కా, ఇక్కడ మీరు పెరుగన్నమా ఏంటి, ఫ్రిజ్‌లో పెట్టారు” అనేది. పెద్దక్క పెదాలు బిగించుకునేది.

జాబ్ మారిన వారానికే తిప్పలు మొదలయ్యాయి. రీస్టోర్ కొన్ని రోజులు జరిగేది, చాలా రోజులు పడిపోయేది. పడిపోయిన రోజు కౌంటర్లలో నిన్నటి ఫలితాలు ఉండేవి కావు. పరగడుపున వచ్చిన జనం వరుసలో నిలబడి కళ్లు తిరిగి ఉసూరుమనేవారు. పెద్దక్క పరుగున వచ్చి అదే జాబ్‌ను చేత్తో నడిపేది. చక్కగా నడిచేది. కాకపోతే ముప్పావుగంట పట్టేది, ఈలోగా కింద మేనేజరు గొంతు రెండో అంతస్తుదాకా వినపడేది. అన్నిటికీ ‘అర్జెంటు, అర్జెంటు’ అంటాడని ఆయనకు వెనకాల అర్జెంటు సారు అని పేరు.

“చేత్తో చేస్తే జరుగుతుంది, దానంతటది చేస్తే పడిపోతుంది. ఇదేం చోద్యమక్కా?” కొత్తమ్మాయి గోళ్లు కొరుక్కుంది.

“ఎందుకు పడిందని లాగ్‌లో రాసుకుంది?”

“రోజూ అదే. లోపల ఎవరో ఉన్నారు, ఖాళీ దొరకలేదు అని.”

“ముందు అందర్నీ బయటికి నెట్టేస్తున్నావా?”

“మొదటి మెట్టే అది. నెట్టేసి, ఒక్కరికే చోటుంచుతుంది, ఆ చోటులో జాబ్ కూర్చుని రీస్టోర్ చేయాలి. ఆ చోటు కాస్తా ఇంకెవరో ఎగరేసుకుపోతున్నారు.”

అనుమానం కౌంటర్ల మీదికి పోయింది. అక్కడివాళ్లంతా ఒకే ఉమ్మడి పేరుతో లోపలికి వస్తారు. సాయంత్రం ఎవరైనా కంప్యూటర్ ఆపకుండా వెళ్లిపోతున్నారేమోనని పెద్దక్క స్వయంగా అన్నీ ఆపించింది. మర్నాడు మళ్లీ పడిపోయింది. జాబ్ నడిచే ఖాతాకు హక్కులున్నాయో లేవో చూసింది. ఉన్నాయి. బ్యాకప్ ఫైలు సగంలో తెగిందేమో చూసింది. నిండుగా ఉంది. ఆమె చెల్లెలి దగ్గరికి వెళ్లిన రెండు రోజులూ జాబ్ వేళకు జరిగింది. తిరిగొచ్చాక మళ్లీ మొదలు.

“మీరు ఊళ్లో లేకపోతే బుద్ధిగా ఉంటోందక్కా” అంది కొత్తమ్మాయి నవ్వుతూ.

ఒక తెల్లవారుజామున ఇద్దరూ ల్యాబుకే వచ్చి ఆ గదిలో కూర్చున్నారు. ఒకే శాలువా ఇద్దరి భుజాల మీద. అయిదు కాగానే జాబ్ మొదలైంది, అందర్నీ నెట్టింది, కూర్చుంది, పూర్తి చేసింది. ఎక్కడా తొణకలేదు.

“చుట్టాలొచ్చినప్పుడు పిల్లలు బుద్ధిమంతులైపోతారు చూడండి, అలా చేస్తోంది” అంది కొత్తమ్మాయి. “రేపు మీరు రావద్దు. నేనొక్కదాన్నే వస్తా. నేనంటే దానికి లెక్కలేదుగా, దాని అసలు రంగు బయటపడుతుంది.”

మర్నాడు పెద్దక్క ఇంట్లోనే ఉండిపోయింది. అలవాటుగానే లేచింది, టీ పెట్టుకుంది, చెల్లెలి గదిలో చుక్క ఎదురుగా కూర్చుంది. పసుపు. అయిదు దాటాక ఫోన్ మోగింది.

“అక్కా, పడిపోయింది. ఇప్పుడే మళ్లీ నడిపా, మళ్లీ పడిపోయింది. చేత్తో చేసినా పడిపోవడం ఇదే మొదలు!” ఆ పిల్ల గొంతులో భయం లేదు, వేటలో ఉన్న ఉత్సాహం ఉంది. “లోపల ఒకరున్నారు. కౌంటరు పేరుతోనే ఉన్నారు, కానీ కింద ఒక్క కంప్యూటరూ ఆన్‌లో లేదు, వెళ్లి చూసొచ్చా. బయటికి నెడుతున్నా. ఇదిగో, వెళ్లారు. అయ్యో, మళ్లీ వచ్చేశారు! ఈగలా వాలుతున్నారక్కా. కొన్ని క్షణాలు, అంతే, మళ్లీ వాలడం.”

పెద్దక్క చేతిలో టీ కప్పు అలాగే ఆగిపోయింది. కొన్ని క్షణాలకోసారి. ఆమె తెర వైపు చూసింది. చుక్క పసుపుగా, ఓపిగ్గా వెలుగుతోంది. ఈ తెర రాసుకున్న రోజున, ఎలాగూ చూడటానికే కదా అని, తను కూడా ఆ ఉమ్మడి పేరునే వాడుకుంది.

“అక్కా? ఉన్నారా?”

“ఉన్నాను. ఒక్క నిమిషం.”

కప్పు కింద పెట్టి, ల్యాప్‌టాప్ మూత మెల్లగా వేసింది. నిద్రపోతున్న పిల్ల మొహం మీద దుప్పటి సర్దినట్టు వేసింది.

“పోయారు!” అని అవతలి నుంచి కేక. “పోయారక్కా, మళ్లీ రావట్లేదు. నడుపుతున్నా. ఎక్కింది, ఎక్కింది! ఎవరో మహానుభావులు! ఎవరై ఉంటారక్కా?”

“నువ్వు ముందు అది పూర్తయ్యేదాకా చూడు” అని పెద్దక్క ఫోన్ పెట్టేసింది.

ఇన్నాళ్లూ ఆ రీస్టోర్ జరిగిందా లేదా అని చూస్తున్న చూపే దాన్ని జరగనివ్వలేదు. అర్ధరాత్రి జరిగినన్నాళ్లూ ఆ వేళకు మూత వేసి ఉండేది కాబట్టి బయటపడలేదు. చెల్లెలి దగ్గరున్న రెండు రోజులూ తెర తెరవలేదు. ల్యాబుకొచ్చి నడిపినప్పుడల్లా మూత వేసే బయల్దేరేది. కారణం దొరికింది, సంతోషించాలి. కానీ దాన్ని ఎవరితోనైనా చెప్పాలంటే ఇంకోటి కూడా చెప్పాలి. యాభై దాటిన మనిషి రోజూ చీకటితోనే లేచి ఖాళీ గదిలో ఒక చుక్కను చూస్తూ కూర్చుంటుందని చెప్పాలి. చెప్పకపోయినా నష్టమేముంది? రేపటినుంచి మూత తీయకపోతే సరి. ఎవరికీ తెలియకుండా జబ్బు నయమైపోతుంది.

ఆ రోజు ఆమె చెప్పలేదు. మర్నాడు రీస్టోర్ వేళకు జరిగింది, ఆ మర్నాడూ జరిగింది. అయినా అర్జెంటు సారు ఊరుకోలేదు. పైవాళ్లు ఆయన్ని నిలదీశారట, ఎవరో ఒకరి తప్పని తేలాలి. కింద కౌంటర్ల దగ్గర, అందరూ వింటుండగా కొత్తమ్మాయిని నిలబెట్టాడు.

“జాబ్ రాసింది నువ్వేగా? నువ్వు రాయకముందు ఎప్పుడైనా పడిందా? ఇన్నాళ్లు జనం చేత తిట్లు తినిపించి, ఇప్పుడు ‘ఎవరో లోపల ఉన్నారు, ఎవరో వెళ్లిపోయారు’ అని దెయ్యాల కథ చెప్తున్నావా? నెలాఖరుకి నీ పర్మినెంట్ సంగతి ఉంది కదా. నేనేం రాసి పంపాలమ్మా? నువ్వే చెప్పు.”

కొత్తమ్మాయి పెద్దక్క వైపు చూసింది. పెద్దక్క తన శాలువా అంచు వైపు చూసుకుంది. ఆ చూపు తప్పించుకున్న ఘడియ ఆమెను ఆ రాత్రంతా పీకింది.

తెల్లారాక నేరుగా మేనేజరు గదికి వెళ్లింది. ఆయన ఫోన్లో ఉన్నాడు. కూర్చోమన్నట్టు చెయ్యి ఊపాడు. ఆమె కూర్చోలేదు.

“ఆ అమ్మాయి తప్పు కాదు సార్. నాది.”

“మీదేంటి పెద్దక్కగారూ? అయిదింటికి మీరు ఇక్కడ ఉండనే ఉండరు కదా.”

“ఇంట్లో ఉంటాను. వానలప్పుడు ఇచ్చిన దారి ఉంది కదా, దాంట్లోంచి కాపీని చూస్తూ కూర్చుంటాను. జాబ్ అందర్నీ బయటికి నెట్టగానే నా తెర మళ్లీ లోపలికి దూరుతోంది. అదే అడ్డం.”

“రోజూనా?”

“రోజూ.”

“ఎవరు చూడమన్నారండీ?”

“ఎవరూ అనలేదు.”

“మరి ఎందుకు?” ఆయనకు నిజంగానే అర్థం కాలేదు. తిట్టడానికి కాదు, తెలుసుకోవడానికే అడిగాడు. అదే ఆమెకు ఎక్కువ కష్టమైంది.

“ఆ వేళకి మెలకువ వచ్చేస్తుంది సార్. చూడ్డానికి ఇంకేమీ ఉండదు.”

అర్జెంటు సారు ఏదో వెతుకుతున్నట్టు సొరుగు తెరిచాడు, మూశాడు. “సరే సరే” అన్నాడు. “ఆ దారి మూయించేద్దాం. అమ్మాయి సంగతి నేను సరిగ్గానే రాస్తాను. మీరు... మీరు కాస్త పడుకోండి పొద్దున పూట.” ఆయన జాలిపడ్డాడని తెలిసి ఆమె గబగబా బయటికి వచ్చేసింది. తిట్టి ఉంటే బాగుండేది.

కొత్తమ్మాయికి కూడా తనే చెప్పింది, ఆ చలిగదిలోనే. ఆ పిల్ల అంతా అయ్యాక మెల్లగా అడిగింది.

“ఆ రోజు ఫోన్లో, పోయారక్కా అని అరిచానే. అప్పటికే మీకు తెలుసా?”

“తెలుసు.”

“నిన్న సార్ నన్ను అందరి ముందూ కడిగేస్తుంటే మీరు పక్కనే ఉన్నారు.”

“ఉన్నాను. నోరు రాలేదమ్మా.”

ఆ పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి, కానీ కారనివ్వలేదు. “మీరు ఒక్కరే ఉంటారని నాకు చెప్పుంటే నేనే వచ్చేదాన్నిగా” అనబోయిందో ఏమో, “మీరు” అని ఆగిపోయింది. తర్వాత లేచి, “థాంక్స్ మేడమ్” అని తలుపు దగ్గరగా వేసి వెళ్లింది. అక్కా అనలేదు. పెద్దక్క ఆ మాటను పట్టించుకోనట్టే యంత్రాల వైపు తిరిగింది.

ఆ సాయంత్రం ఇంటి దారి మూసేశారు. చుక్క ఉన్న తెరను పెద్దక్కే చెరిపేసింది.

మర్నాడు కూడా మెలకువ మామూలుగానే వచ్చింది. టీ పెట్టుకుంది. చెల్లెలి గదిలోకి వెళ్లలేదు. వంటింట్లోనే నిలబడి తాగింది. పై వాటాలో ఎవరో బకెట్ జరిపారు. ఎక్కడో ఒక స్కూటరు మొరాయించి, మొరాయించి, అంటుకుంది. అయిదు దాటి ఉంటుంది. జరిగిందో లేదో తెలిసే దారి లేదు. పడిపోతే ఫోన్ వస్తుంది. జరిగితే ఎవరూ ఏమీ చెప్పరు, ఆ పనిలో మంచి కబురుకు చప్పుడుండదు. ఫోన్ రాలేదు. కొత్తమ్మాయి అసలు ఫోన్ చేస్తుందా అన్న అనుమానం వచ్చింది. ఇంట్లో నిలవలేకపోయింది. చెప్పులు వేసుకుని బయల్దేరింది.

ల్యాబు ఇంకా తెరవలేదు. బయట బెంచీల మీద పరగడుపు జనం కూర్చుని ఉన్నారు. పక్క తలుపు తాళంచెవి ఆమె సంచిలోనే ఉంది, కానీ కాళ్లు మెట్లవైపు వెళ్లలేదు. బెంచీ చివర కాస్త ఖాళీ ఉంటే కూర్చుంది. పక్కన మఫ్లర్ చుట్టుకున్న ముసలాయన జరిగి చోటిచ్చాడు.

“ఇక్కడ రోజూ ఆలస్యమేనమ్మా” అన్నాడు. “మొన్న నా రిపోర్టు దొరకలేదని గంట నిలబెట్టారు. కంప్యూటర్ పడిపోయిందట. పడిపోవాల్సింది నేను, నా బదులు అది పడింది.”

పెద్దక్క పెదాలు బిగించుకుంది. బిగిసినట్టే బిగిసి విడిపోయాయి. చిన్నగా, చప్పుడుతోనే నవ్వింది. ముసలాయన తన మాటకు అంత విలువ వస్తుందనుకోలేదు కాబోలు, ఉత్సాహంగా ఇటు తిరిగాడు.

“షుగరా మీకు?”

“లేదండీ.”

“మరేం టెస్టు?”

“నాకేం లేదు. ఊరికే.”

“ఊరికే ఎవరైనా వస్తారా ఇక్కడికి!” అని ఆయన తన మోకాళ్ల కథ ఎత్తుకున్నాడు. ఆమె విన్నది. మధ్య మధ్య ఊఁ కొట్టింది.

తలుపులు తెరిచారు. వరుస లేచింది. పెద్దక్క కూడా అందరితో పాటు లేచి, ముసలాయన వెనకే కౌంటరు దాకా నడిచింది. ఆ కౌంటర్లో ఆ పూట సాయానికి కొత్తమ్మాయే కూర్చుని ఉంది. ముసలాయన చీటీ తీసుకుని మీటలు నొక్కింది. ఆయన గత పరీక్షలన్నీ వెంటనే తెర మీదికి వచ్చాయి, నిన్న సాయంత్రం నాటివి కూడా. “లోపలికెళ్లండి తాతగారూ, రెండో గది” అంది. ఆయన తన చెవులను తాను నమ్మలేనట్టు, “అయిపోయిందా? ఇంతేనా?” అంటూ వెళ్లాడు.

తర్వాత ఎదురుగా ఉన్నది పెద్దక్క. కొత్తమ్మాయి తలెత్తి చూసింది.

“మీరు వరుసలో నిలబడ్డారేంటి మేడమ్?”

“జరిగిందో లేదో చూద్దామని.”

“జరిగింది. ఆరు కాకముందే అయిపోయింది.” ఆ పిల్ల ఇంకేదో అనేటట్టే కనిపించింది. ఈలోగా వెనకనుంచి ఎవరో, “అమ్మా, కాస్త జరగండి, మాకు కడుపులు మాడుతున్నాయి” అన్నారు.

“జరుగుతున్నానండీ” అని పెద్దక్క పక్కకు తప్పుకుని వాళ్లకు దారి ఇచ్చింది.